గీత ఉన్న ఎముక

బీర్‌గావ్, రాయ్‌పూర్
12 ఆగస్టు 2004

మావయ్యకు, అత్తకు నళిని నమస్కారాలు.

ఫోన్ చేద్దామంటే మీరు బూత్ దాకా రారు. వచ్చినా వినబడేది సగం. వినబడని సగం మీరే కల్పించుకుని దానికి జవాబు చెబుతారు. పోయినసారి నేను జ్వరం తగ్గిందంటే మీరు పెళ్లికి రాలేనన్నారు. అందుకని ఉత్తరమే నయం.

ఇక్కడ అంతా కులాసా. రోలింగ్ మిల్లుల మసి ఎప్పటిలాగే ఉంది. అమ్మ పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి బూడిదరంగుకు వస్తుంది. మిల్లు నేనే పెట్టించినట్టు అమ్మ నన్ను తిడుతుంది. మొన్న గుడిలో కొత్త పూజారి తీర్థం ఇస్తుంటే ఎప్పటిలాగే ఒళ్లంతా కుడిపక్కకు వంచి చెయ్యి పట్టాను. చిన్నప్పుడు విరిగిన చెయ్యి, అరచెయ్యి పైకి తిరగదని ఆయనకేం తెలుసు. "తిన్నగా నిలబడమ్మా" అన్నాడు. అమ్మ మొహం చిన్నబోయింది. నాకు అలవాటే.

అసలు సంగతి. మా బడిలో మూడేళ్లుగా టెంపరరీగా సైన్సు చెబుతున్నానని మీకు తెలుసు. ఈ ఏడు ఒక్క పర్మనెంట్ పోస్టు వచ్చింది, దానికి ఇద్దరం ఉన్నాం. డిసెంబరులో సైన్సు ప్రదర్శన చూడటానికి కమిటీ వస్తుంది, ఎవరి పని బాగుంటే వాళ్ల పేరు పంపుతానని హెడ్‌మాస్టరు తేల్చి చెప్పారు. నేను జీవపరిణామం పాఠం తీసుకున్నాను. మనిషి చెయ్యి, గబ్బిలం రెక్క, గేదె ముందు కాలు చూడండి. భుజం దగ్గర ఒక ఎముక, దాని కింద రెండు, ఆ తరువాత గోళీ గుళ్లలాంటి చిన్న ఎముకలు, ఆపైన పొడుగువి, చివర వేళ్లు. ఒకటి పట్టుకుంటుంది, ఒకటి ఎగురుతుంది, ఒకటి నడుస్తుంది. పనులు వేరైనా కట్టుబడి ఒకటే. ఒకే పూర్వీకుల నుంచి దిగి రాకపోతే ఇంతమందికి ఒకే కట్టుబడి ఎక్కడి నుంచి వస్తుంది? హిందీలో వీటిని సమజాత్ అంగ్ అంటారు.

ఈ మాట చెబితే నా క్లాసు పిల్లలు పకపకా నవ్వారు. "గాయ్ కే హాథ్ కహాఁ హోథే" అని, అంటే ఆవుకు చేతులెక్కడివి అని, బెంచీలు కొట్టారు. బొమ్మ చూపిస్తే నమ్మరు. అసలు ఎముకలు బోర్డు మీద వరసగా కట్టి చూపించాలి. ఆవువి వద్దు, ఇక్కడ గొడవ అవుతుంది. గేదె ముందు కాలి ఎముకలు ఒక కాలివి మొత్తం కావాలి. పశువుల విరిగిన ఎముకలు కట్టే మావయ్య ఉండగా ఇంకెవరిని అడుగుతాను?

మీ మేనకోడలు
నళిని


చినరాయుడువలస, బొబ్బిలి తాలూకా
29 ఆగస్టు 2004

చిరంజీవి నళినిని మావయ్య కోటయ్య దీవించి రాయడం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి మీ అత్తకు వినిపించాను. "గుంట బాగానే ఉందా ఏటి" అని ఆవిడ నీ గురించి అనుమానపడింది. చదువు ఎక్కువై ఉంటుందన్నాను.

మనిషీ గేదే సమజాతి అని పిల్లలకు చెబుతున్నావా? ఇక్కడ మనిషీ మనిషే సమజాతి కాదు. పైవీధిలో ఎద్దు కాలు విరిగితే నా కోసం మనిషిని పంపుతారు. కట్టు కట్టాక చెంబు నా చేతికివ్వరు, దూరం నుంచి నీళ్లు పోస్తారు. నువ్వేమో గేదెను కూడా తెచ్చి మన చుట్టాన్ని చేస్తున్నావు. కమిటీవాళ్ల ముందు ఈ మాట అంటే ఉన్న టెంపరరీ కూడా ఊడుతుంది.

ఇంకో మాట. మా తాత కట్టాడు, మా నాన్న కట్టాడు, నేను నలభై ఏళ్లుగా కడుతున్నాను. పశువు ముందు కాలును చెయ్యి అన్నవాడిని నేను చూడలేదు. చెయ్యే అయితే గేదె అన్నం కలుపుకుని తినాలి. కాలు కాలే. దాని మధ్యలో ఉన్నది మోకాలు. పశువు పడుకోబోయే ముందు ఆ మోకాళ్ల మీద వాలుతుంది, అది గోచీ పెట్టుకోవడం రాని పిల్లాడికైనా తెలుసు.

సరే, అడిగావు కాబట్టి పంపుతాను. మన మల్లిగాడు, ఆ పాత దున్నపోతు, రెండేళ్ల కింద పోతే చేను గట్టున పూడ్చాను. ఎముకలు ఈపాటికి శుభ్రపడి ఉంటాయి. ఒక్కోదానికి పేరు రాసి చీటీ కట్టి పంపుతాను. పేర్లు మావి. నీ పుస్తకంలోవి కావు.

మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

మావయ్య


బీర్‌గావ్
4 అక్టోబరు 2004

మావయ్యకు నమస్కారాలు.

గోనెసంచి చేరింది. మీరు బొబ్బిలి స్టేషనులో అందిస్తే, నాన్న రైల్వే స్నేహితుడు గార్డు దుర్గారావు గారు తన పెట్టెలో పెట్టుకుని రాయ్‌పూర్ దాకా తెచ్చారు. నాన్న పోయి ఆరేళ్లయినా ఆయన ఇలాంటివి మోస్తూనే ఉన్నారు.

సమజాత్ అంటే కులం కాదు మావయ్యా. ఒకే పుట్టుక గలవి అని అర్థం. తెలుగు పుస్తకాల్లో నిర్మాణ సామ్య అవయవాలు అని రాస్తారు. ఆ మాట రాసి ఉంటే మీరు ఉత్తరం అక్కడే మడిచేవారని నేను హిందీది రాశాను, బుద్ధి తక్కువై.

ఎముకలన్నీ నేల మీద పరిచాను. మీ చీటీల ముడులు విప్పడానికి గంట పట్టింది. భుజం రెక్క ఉంది. దాని కింద దండ ఎముక ఉంది. "మోకాలి గుళ్లు, ఆరు" అని రాసినవి ఆరూ ఉన్నాయి. వాటి కింద పొడుగు ఎముక, గిట్టల దాకా అన్నీ ఉన్నాయి. దండ ఎముకకూ మోకాలికీ మధ్యది లేదు. సంచి తిరగేసి దులిపాను. మన ముంజేతికి సరిపోయే ఎముక, నా పాఠానికి అన్నిటికన్నా ముఖ్యమైనది, అదొక్కటే రాలేదు.

అమ్మ వంటింట్లోంచి వచ్చి ఆ ఖాళీ చూసింది. "ఆడు పంపడు" అంది. ఎందుకు పంపడమ్మా అంటే పప్పులో ఉప్పు వేయలేదంటూ వెళ్లిపోయింది. ఉప్పు అప్పటికే వేసింది, ఆ పూట పప్పు నోట పెట్టలేకపోయాం.

మీరు మోకాలు అన్నది మోకాలు కాదు, మణికట్టు. నమ్మకపోతే మల్లిగాడి వెనక కాలు తవ్వి చూడండి. వెనక మోకాలికి చిప్ప ఉంటుంది, మనకు ఉన్నట్టే. ముందు కాలికి చిప్ప ఎక్కడైనా దొరికిందా? చిన్నచిన్న గుళ్లు రెండు వరసలుగా ఉండేది మణికట్టు. మీ మణికట్టు నొక్కి చూసుకోండి, తెలుస్తుంది. గేదె మడమలు ఎత్తి, అరచేతులు ఎత్తి, గోళ్ల మీద నడుస్తోంది. అందుకే మనకు లెక్క తప్పింది. ఇక్కడ ఎద్దులను పూజించే పోలా పండుగకు పిల్లలు మట్టి ఎద్దులు తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. నాలుగు మేకుల్లాంటి కాళ్లు, కీళ్లే లేవు. మోకాలెక్కడ అని వాళ్లు అడుగుతారని ఈసారి నేనే భయపడ్డాను.

ఆ ఒక్క ఎముకా పంపండి. దసరా సెలవుల్లోనే బోర్డు పూర్తి చేయాలి.

నళిని


చినరాయుడువలస
21 అక్టోబరు 2004

నళినికి దీవెనలు.

గేదె గోళ్ల మీద నడుస్తోందా? మంచిది. గాజులు కూడా పంపమంటావా?

వెనక కాలికి చిప్ప ఉంటుందని నాకు నువ్వు చెప్పాలా? ముందు కాలికి లేదనీ తెలుసు. చిప్ప లేని మోకాలు అది. బొట్టు లేనంత మాత్రాన మొహం మొహం కాకుండా పోతుందా? నేను కట్టిన మోకాళ్ల పశువులు ఈ చుట్టుపక్కల యాభై ఊళ్లలో దుక్కి దున్నుతున్నాయి. వాటి మణికట్టు నేను కట్టానని అవి ఎప్పుడూ అనలేదు.

నువ్వడిగిన ఎముక కుక్క ఎత్తుకుపోయింది. గట్టు మీద ఆరబెట్టాను, అటు తిరిగి ఇటు చూసేసరికి లేదు. కుక్కకు తెలుసా అది నీ పాఠానికి ముఖ్యమని. ఒక్క ఎముక తక్కువైతే ఏం మునిగిపోయింది? అక్కడ ఏదో కర్రముక్క పెట్టు. వచ్చేది కమిటీయే కదా, కళ్లజోళ్లు పెట్టుకుని టీ తాగి పోతారు.

మీ అత్తకు నడుంనొప్పి. వానలు వెనకబడ్డాయి. మిగతావి బాగానే ఉన్నాయి.

మావయ్య


బీర్‌గావ్
10 నవంబరు 2004

మావయ్యకు.

నిన్న దుర్గారావు గారు దీపావళి మిఠాయి ఇచ్చిపోదామని వచ్చారు. మాటల్లో కుక్క సంగతి చెప్పాను. ఆయన లడ్డూ చేతిలోనే పెట్టుకుని నా వంక చూశారు. బొబ్బిలి ప్లాట్‌ఫారం మీద మీరు సంచి ఆయన చేతికిచ్చి, మళ్లీ తీసుకుని, మూతి విప్పి, ఒక పొడుగు ఎముక పైకి తీసి కండువాలో చుట్టుకున్నారట. ఇది ఉండనీ అన్నారట. రైలు కదిలేదాకా దాన్ని చంకలో పెట్టుకుని నిలబడ్డారట.

ఇంతకీ ఆ కుక్క కండువా కట్టుకుందా మావయ్యా?

నాకు కోపం వచ్చిందని రాస్తున్నాను, మర్యాదకు దాచడం నావల్ల కాదు. చెయ్యి అన్న మాట నచ్చకపోతే నాతో పోట్లాడండి, రోజుకో ఉత్తరం రాయండి. ఎముక దాచడం ఏమిటి? బోర్డు మీద అన్నీ బిగించాను. మధ్యలో మూరెడు ఖాళీ. పిల్లలు వచ్చి ఆ ఖాళీలో వేళ్లు పెట్టి పోతున్నారు. అమ్మను అడిగితే "ఆణ్ని అడక్కే" అంటుంది, ఇంకేం చెప్పదు. మీ అక్కాతమ్ముళ్లిద్దరూ నోరు కుట్టుకుని కూర్చుంటే మధ్యలో నా ఉద్యోగం పోయేలా ఉంది.

డిసెంబరు 14న కమిటీ. దుర్గారావు గారి డ్యూటీ ఈ నెల 26న, డిసెంబరు 5న ఆ లైనులో ఉంది. స్టేషనుకు తెచ్చివ్వండి చాలు. నేను ఎందుకని అడగను.

నళిని


(కార్డు)
చినరాయుడువలస
22 నవంబరు 2004

నళినికి. అవును, నేనే తీశాను. ఇవ్వను. ఇంకేం కావాలన్నా అడుగు, ఆ ఎముక మాత్రం అడగొద్దు. ఆ పాఠం మాని వేరే పాఠం చూసుకో. మావయ్య.


బీర్‌గావ్
19 డిసెంబరు 2004

మావయ్యా,

అయిపోయింది. పోస్టు నాకు రాలేదు.

నీ సలహా ప్రకారమే కర్రముక్క పెట్టాను. భన్‌పురిలో ఒక వడ్రంగి దగ్గరికి రెండుసార్లు వెళ్లి, మనిషి ముంజేతి బొమ్మ చూపించి, టేకులో రెండు ఎముకలు చెక్కించాను. నున్నగా చెక్కాడు పాపం. రెండూ పక్కపక్కన కట్టి తెల్లరంగు వేశాను. నేను గేదె ముంజెయ్యి ఎప్పుడైనా విప్పి చూశానా? పుస్తకంలో మనిషికి రెండు అని ఉంది, గేదెకూ రెండే అనుకున్నాను.

కమిటీలో ఒక పెద్దాయన పశువైద్యం పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. బోర్డు ముందు చాలాసేపు నిలబడ్డాడు. మెచ్చుకుంటాడని నేను పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాను. కర్రలను గోటితో తట్టి, ఇవెక్కడివని హిందీలో అడిగాడు. చెప్పాను. గేదెకు ఈ చోట రెండు విడిగా ఉండవమ్మా, పుట్టిన కొన్నాళ్లకు అతుక్కుని ఒకటే అవుతాయి, అతికిన చోట గీత మిగులుతుంది, నీ పాఠానికి గట్టి సాక్ష్యం ఆ గీతే, అదే నువ్వు తీసేసి కర్రలు పెట్టావు అన్నాడు. తిట్టలేదు, మెల్లగానే చెప్పాడు. హెడ్‌మాస్టరు పెన్ను మూత పెట్టేశారు. ఆ పోస్టుకు నాతో పోటీ ఉన్న, మందిర్ హసౌద్ నుంచి వచ్చే కల్యాణి టీచరు కరెంటు అయస్కాంతంతో మోగే గంట పెట్టింది, అది మోగింది. ఆవిడ పేరు పంపారు.

ఇన్నేళ్లుగా ఒక మాట మన ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నాన్న ఎత్తలేదు, అమ్మ ఎత్తనివ్వలేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మీ ఊళ్లో ఈ చెయ్యి విరిగితే నువ్వు కట్టావు. నాలుగు నెలల తరువాత నాన్న రైల్వే ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయించాడు. ముంజేతిలో రెండు ఎముకలూ అతుక్కుని ఒకటైపోయాయి, అందుకే అరచెయ్యి తిరగదు, కోసినా మళ్లీ అతుక్కోవచ్చు అన్నాడు డాక్టరు. నాన్న ఆ ఎక్స్‌రే కవరులో పెట్టి ట్రంకుపెట్టె అడుగున దాచాడు. ఇరవై ఏళ్లుగా తీర్థం కోసం నేను ఒళ్లు వంచుతున్నాను. నిన్ను ఒక్క మాట అనలేదు.

ఇప్పుడు అంటున్నాను. గేదెకు ఒకటి ఉండాల్సిన చోట నేను రెండు పెట్టాను. నాకు రెండు ఉండాల్సిన చోట నువ్వు ఒకటి చేశావు. రెండూ నీవల్లే జరిగాయి.

నళిని


చినరాయుడువలస
8 జనవరి 2005

నళినీ,

దీవించి రాసే మొహం నాకు లేదు, అందుకని ఊరికే పేరుతో మొదలుపెడుతున్నాను. ఇన్నాళ్లూ మీరు అంటూ రాసేదానివి. ఈసారి నువ్వు అన్నావు. నా బండి మీద కూర్చుని "మావయ్యా, నువ్వు దిగు, నేను తోల్తాను" అని దబాయించిన గుంట కనబడింది. తిట్టినా నాకు ముందు సంతోషంగానే అనిపించింది, తరువాత ఆ సంతోషం నిలవలేదు.

ఆ వేసవిలో నువ్వు పడింది ఆ బండి నొగ మీంచే. నీ చెయ్యి మోచేతి కింద వేలాడింది. మీ అమ్మ బొబ్బిలి ఆసుపత్రికి పోదామంది. బస్సు మధ్యాహ్నం దాకా లేదు. ఉన్నా నేను ఆగేవాణ్ని కాదు. "పశువుకి కట్టినోడిని, పిల్లకి కట్టలేనేటి" అన్నాను. అందరూ విన్నారు.

నువ్వు రాసిన ఒకటి, రెండు, గుళ్లు, వేళ్లు అనే లెక్క నాకు కొత్త కాదమ్మా. నీ చెయ్యి పట్టుకున్న రోజే నా వేళ్లకు తెలిసింది. భుజం నుంచి తడుముకుంటూ వచ్చాను. అంతా నాకు తెలిసిన దారే. లేగదూడ ముందు కాలే ఇది, సన్నగా ఉంది అంతే అనుకున్నాను. మణికట్టు దగ్గర ఆ గుళ్లు తగిలితే, మోకాలు అని పైకే అన్నాను. ఆ నమ్మకంతోనే ధైర్యం చేశాను.

ముంజేతిలో రెండు ఎముకలు తగిలాయి. పశువుకు అక్కడ ఒకటే ఉంటుంది, గీతతో. విరగడం వల్ల గీత దగ్గర విడిపోయి రెండయ్యాయి, కలిపి బిగిస్తే మళ్లీ ఒకటవుతాయి అనుకున్నాను. కోడిగుడ్డు సొన, మినప్పిండి పట్టించి, వెదురుబద్దలు వేసి, నా బలమంతా పెట్టి బిగించాను. నలభై రోజులు. నువ్వు ఏడిస్తే మీ అమ్మ బెల్లంముక్క నోట్లో పెట్టేది. కట్టు విప్పి అరచెయ్యి తిప్పమన్నాను. భుజం తిరిగింది, నడుం తిరిగింది, అరచెయ్యి తిరగలేదు.

మర్నాడు పొద్దున్న పశువుల శాలలో కూర్చుని మొదటిసారి నా ముంజెయ్యి నేను తడుముకున్నాను. రెండున్నాయి. అరచెయ్యి తిప్పితే ఒకదాని మీదికి ఒకటి దొర్లుతున్నాయి. అప్పటికే ఇరవై ఏళ్లుగా ఊళ్లో పశువులన్నిటి కాళ్లూ తడిమాను. నా చెయ్యి తడుముకోవాలని తోచలేదు.

మీ అమ్మకు చెప్పాను. ఎవరికీ చెప్పొద్దని ఆమే అంది. ఆ తరువాత మనిషికి కట్టలేదు. ఎవరైనా పిల్లను ఎత్తుకొస్తే తిట్టి బొబ్బిలి బస్సు ఎక్కించాను. పొగరని అనుకున్నారు, అనుకోనిచ్చాను.

గేదెకు చెయ్యి ఉందని నువ్వు రాసినప్పుడు నాకు కోపం ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలిసిందా? అది అబద్ధమైతే నాది వట్టి పొరపాటు, తెలియని పని చేసి చెడగొట్టాను. నిజమైతే నాకు సగం తెలిసి నీ చెయ్యి చెడగొట్టాను. పోలిక కనిపెట్టాను, తేడా కనిపెట్టలేదు. సగం తెలిసినవాడు ఏమీ తెలియనివాడికన్నా చెడ్డవాడు. స్టేషనులో ఆ గీత చూశాను. ఆ వంకర చేత్తోనే దీన్ని పట్టుకుని పిల్లలకు చూపిస్తావు కదా అనిపించింది, ఇవ్వలేకపోయాను. నీకు ఆ గీత గురించి చెప్పి ఉంటే వడ్రంగి దగ్గరికి పోయేదానివి కాదు. అదీ చెప్పలేదు.

ఆ పెద్దాయన చెప్పింది నిజం. పుట్టిన కొన్ని రోజులకే పోయిన దూడల్లో అవి రెండూ విడిగా వచ్చేస్తాయి, నేను చూశాను. పెద్దవాటిలో అతుక్కుపోతాయి, పైన ఒక సందు, కింద ఒక సందు మిగులుతుంది. మొదటి నుంచీ ఒకటే అయితే గీత ఎందుకు, సందులెందుకు, అని చాలాసార్లు అనుకున్నాను. ఎవరినీ అడగలేదు.

పోస్టు నేను తెచ్చివ్వలేను. ఎముక మాత్రం దుర్గారావు గారి చేతికిచ్చాను, రైలు కదలకముందే వెనక్కి తిరిగి వచ్చేశాను.

కోటయ్య


బీర్‌గావ్
2 ఫిబ్రవరి 2005

మావయ్యా,

ఎముక వచ్చింది.

కోపం పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. పోలేదు. అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది? నాన్న రెండు రోజులు అరిచేవాడు. ఇరవై ఏళ్లు నువ్వు మా ఇంటి గడప తొక్కకపోవడం కన్నా అది నయం కాదా? మా మావయ్యకు మేమంటే ఇష్టం లేదని నేను అనుకున్నాను. అమ్మకు నీ ఉత్తరం చదివి వినిపించాను. మధ్యలో లేచి వెళ్లి ఆరిన బట్టలన్నీ మళ్లీ తడిపింది. మసి పట్టిందట.

నేను ఇంకా టెంపరరీనే. కల్యాణి టీచరు గంట రోజూ మోగుతోంది.

ఎముకకు నువ్వు కట్టిన చీటీ చూశాను. నీ చీటీల్లో ఇప్పటిదాకా అన్నీ కాళ్లే. దీని మీద "ముంజెయ్యి" అని రాశావు. ఒకసారి కొట్టేసి మళ్లీ రాశావు. కొట్టేసిన మాట కూడా చదివాను, అదీ ముంజెయ్యే. చీటీ విప్పలేదు, దానితోనే బోర్డు మీద బిగించాను. వడ్రంగి కర్రలు తీసి మనిషి చేతి బొమ్మ కింద పెట్టాను, అక్కడ అవి సరిగ్గా సరిపోయాయి.

ట్రంకుపెట్టెలోంచి నా ఎక్స్‌రే తీశాను. మామూలు రోజు, మామూలు క్లాసు, కమిటీ లేదు. గేదె ఎముక పక్కన కిటికీకి దాన్ని అతికించాను. మన తెలుగువాళ్ల అమ్మాయి సాయిలక్ష్మి, వాళ్ల నాన్న రోలింగ్ మిల్లులో పని, లేచి దగ్గరికి వచ్చి రెండింటినీ మార్చి మార్చి చూసింది. "మేడమ్, దోనో ఒకేలాగ ఉన్నాయి. రెండూ గేదెవేనా?" అంది. ఒకటి నాది అన్నాను. క్లాసులో నవ్వుతారనుకున్నాను, ఎవరూ నవ్వలేదు. "టూట్ అయి అతికిందా, పుట్టినప్పటి నుంచీ ఐసేనా?" అంది, మొదటి నుంచీ ఇలాగేనా అని. గేదెది వంశంలో వచ్చింది, పెరిగేకొద్దీ దానంతటదే అతుకుతుంది, లక్షల ఏళ్ల కిందటివాళ్లు ఇచ్చారు. నాది విరిగి అతికింది, మా మావయ్య కట్టాడు అని చెప్పాను. పేరు కూడా చెప్పాను. నీ పరువు తీయడానికి కాదు. పోలిక ఎక్కడిదో, తేడా ఎక్కడ ఉందో రెండూ చెప్పకపోతే పాఠం సగమే అవుతుంది, సగం పాఠం ఏం చేస్తుందో మనిద్దరికీ తెలుసు.

ఆ తరువాత, నేను చెప్పకుండానే, సాయిలక్ష్మి తన ముంజెయ్యి పట్టుకుని నొక్కి చూసుకుంది. అరచెయ్యి పైకి తిప్పింది, కిందికి తిప్పింది. ఆమెను చూసి పక్కపిల్ల, ఆ పిల్లను చూసి వెనక బెంచీ. నలభైమంది పిల్లలు తమ చేతులు తాము తడుముకున్నారు. కాసేపటికి ఒక్కొక్కరే "దో హై, మేడమ్" అనడం మొదలుపెట్టారు. రెండున్నాయని.

నువ్వు రా. ఉత్తరంలో కాదు, మనిషివే రా. తీర్థం పట్టేటప్పుడు నా పక్కన నిలబడు.

నళిని